ఊకగది

మిల్లు మూతపడ్డాక
రెండేళ్ళ జీతం బాకీ కింద
షావుకారు నాకు ఊకగది రాసిచ్చాడు.
ఇరవై నాలుగడుగుల పొడవు, పదహారు వెడల్పు,
కిటికీ లేదు, ఎలకలున్నాయి.
టేపుతో గోడ కొలుస్తుంటే
"ఊకగదిలో ఊహలేంటి?" అంది వీరవేణి.
అన్నదనే అనుకుంటున్నాను.
పెదాలు అలా కదిలాయి.

ముప్పై ఒక్క ఏళ్ళు ఇంజను పక్కన నిలబడ్డవాణ్ణి.
మండపేట డాక్టరు చెవిలో లైటు వేసి చూసి
కాగితం మీద ఒక గీత చూపించాడు,
పల్లానికి దిగే పంటకాలువలాంటిది.
కుడిచెవి కొంచెం నయం.
ఎడమది మేకు కొట్టేసిన తలుపు.

అలాంటివాడు సినిమాగది కడతానంటే
ఊరు నవ్వదా?
నవ్వే ఉంటుంది.

మా నాయనమ్మ చెప్పేది:
చేపను మింగేది తిమి,
తిమిని మింగేది తిమింగిలం,
తిమింగిలాన్ని మింగేది తిమింగిలగిలం.
"మరి దాన్ని?" అంటే
అడ్డపొగ చుట్ట నోట్లోంచి తీసి
"పడుకో" అనేది.
అరవై దాటాక తట్టింది,
దాని కడుపులో కూర్చుని కథ చూడాలని.

ఎదుర్లంక రేవులో ఒరిగిపోయిన పడవ కొన్నాను,
నాలుగు వేలకి, తారు వాసనతో సహా.
ఏసుపాదం దాని పక్కటెముకలు విప్పి
ఇటు ఏడు, అటు ఏడు, గోడలకి నిలబెట్టాడు.
పద్నాలుగోది చెద తినేసింది.
తాటిదూలం చెక్కి పెట్టి
తేడా ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నాడు.

ఎముకల సందుల్లో అంబాజీపేట పీచు,
పీచు మీద అనపర్తి కోళ్ళఫారాల గుడ్ల అట్టలు,
అట్టల మీద కాగితం, మైదా జిగురు,
కాటుక, ఇంగిలీకం, మళ్ళీ కాటుక.
మైదా వాసనకి ఎలకలు తిరిగొచ్చాయి.
జిగురులో మైలుతుత్తం కలిపాం.
ద్వారానికి పళ్ళు: కొబ్బరిమట్టల మొదళ్ళు, సున్నం కొట్టి.
కళ్ళు రావులపాలెంలో తుక్కుకి పోయిన లారీవి.
గొంతు దగ్గర సింహాసనం
రాజోలు మంగలిషాపు కుర్చీ,
తల దానంతటదే వెనక్కి వాలుతుంది.

అది మింగినవన్నీ పైన వేలాడాలని
కబురు పెడితే, ఊరు తెచ్చిచ్చింది:
చిరిగిన వల, తెడ్డు, ఆగిపోయిన గోడగడియారం,
ముందుచక్రం లేని సైకిలు.
నూకరత్నం చీటీపాట పుస్తకం పట్టుకొచ్చి
"ఇదీ మింగుతుందా?" అని చేత్తో అడిగింది.
అన్నిటికంటే పైన కట్టాం.

గుండె మాత్రం మిల్లుదే.
పాత బెల్టు చుట్టలు చుట్టలుగా చుట్టి
లోపల బాస్ పెట్టె దాచాను.

మొదటాట.
పిల్లలు పళ్ళ మధ్యనుంచి వంగి వచ్చారు.
వీరవేణి సింహాసనం ఎక్కింది, చెప్పులు విడిచి.
తెర మీద గుర్రాలు, పొగ, ఎవరో అరుస్తున్నారు.
నేను తాటిదూలం ఎముక పక్కన నిలబడి
ఊరికే చెయ్యి వేశాను.

వచ్చింది.
అరచేతిలోంచి మణికట్టుకి, మోచేతికి,
దవడ ఎముక దాకా వచ్చింది.
ఇంజనూ ఇలాగే మాట్లాడేది నాతో,
బేరింగు పోయేముందు,
ఎవరికీ వినపడక ముందే.
గుర్రాలు ఆరో ఏడో ఉన్నాయి.
ఒకటి కుంటుతోంది.
ఆ సంగతి పిల్లలెవరూ పట్టలేదు.

చీకట్లో వీరవేణి ఇటు తిరిగింది.
పెదాలు కనపడవు.
కుర్చీ ఇనుప వీపు మీద చెయ్యి పెట్టాను.
సన్నగా, పొడుగ్గా, మధ్యలో ఒకచోట ఆగి,
ఏదో అంటోంది.
ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం,
ఆవిడ గొంతు ఇలా ఉంటుందని తెలీదు.
ఏమందో తెలీదు.
లైటు వేసి అడగబుద్ధి కాలేదు.

ఆట అయ్యాక చూస్తే
పైవరసలో ఒక పన్ను ఊడి ఉంది.
రేపు అతికించాలి.
మైలుతుత్తం అయిపోయింది.